దేశధర్మములు, గ్రహగతులు, మానవుని స్వేచ్ఛ

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్ర విషయకమగు వ్యాసమొకటి వ్రాయవలసినదని కార్యవర్గమువారు నన్ను కోరిరి. గ్రామచరిత్రను నాకంటె చక్కగ నెరిగిన పెద్దలున్నారు. అది వారికి విడుచుట న్యాయము. పగలెల్ల లెక్కల పుస్తకములతో గడపి, రాత్రివేళ దొరికిన గ్రంథమును దొరికినట్లు చదువుకొన్నవాడను గనుక నేను దూరదేశపు ముచ్చట నొకదాని నెత్తుకొంటిని. దేశము దూరపుదే గాని ప్రశ్న మనకు క్రొత్తది కాదు. మనుజుడు చేసిన తప్పునకు బాధ్యుడెవడు? వాడేనా, వాని జన్మకాలమున నున్న గ్రహములా, వాడు పుట్టిన దేశపు ఆచారమా, లేక వానిని సృజించిన దైవమా? రచ్చబండ దగ్గర ఈ వాదము వినని తెలుగువాడుండడు. సొమ్ము పోయినప్పుడు తలవ్రాత యందురు, వచ్చినప్పుడు తెలివి యందురు.

క్రీస్తుశకము రెండవ శతాబ్దము నాటికి రోము సామ్రాజ్యమంతటను జ్యోతిషము ప్రబలియుండెను. చక్రవర్తులు దైవజ్ఞులను చేరదీయుటయు, మరల వారికే భయపడి రాజధాని నుండి వెడలగొట్టుటయు రెండును జరిగినవి. స్తోయికులను తత్త్వవేత్తలు లోకమందలి సర్వమును కారణముల గొలుసుచే కట్టబడియున్నదని బోధించుచుండిరి. క్రొత్తగా తలయెత్తుచున్న క్రైస్తవ మతమునకు ఇది చిక్కు తెచ్చిపెట్టినది. పరలోకమున తీర్పు గలదని వారి నమ్మకము. చేసినదంతయు గ్రహములే చేయించినవైనచో తీర్పెవరికి? పాలస్తీనా దేశమున పుట్టి, తత్త్వవేత్తల ఉత్తరీయము ధరించి, 165 ప్రాంతమున రోములో శిరచ్ఛేదమునకు గురియైన జస్టిను ఈ మాటనే ముందుగా ఎత్తెను. సర్వమును విధియే నడపుచో ఒకని పొగడుటయు నొకని తెగడుటయు వ్యర్థములనియు, శిక్షలు విధించు శాసనములు ప్రతిదేశమునను ఉండుటయే మనుజునకు ఎంచుకొను శక్తి గలదనుటకు తార్కాణమనియు అతని వాదము. వాదము సరియైనదే కాని అంతటితో జ్యోతిష్కుని నోరు మూయబడదు. శాసనము చేయువాడును గ్రహముల ప్రేరణచేతనే చేయుచున్నాడని వాడనవచ్చును గదా!

ఈ ప్రతివాదమునకు దేశదేశముల ఆచారములను సాక్ష్యముగ దెచ్చి జవాబు చెప్పినవాడు బర్దైసాను.

ఇతడు 154లో ఎడెస్సా నగరమున జన్మించెను. ఆ ఊరు నేడు టర్కీ దేశమున ఉర్ఫా అను పేర బరగుచున్నది. ఊరి ప్రక్కనుండి పారు ఏటి పేరు దైసాను. దైసాను పుత్రుడని అర్థము వచ్చునట్లు ఇతనికాపేరు కలిగినది. రోము సామ్రాజ్యమునకును పార్థియనుల రాజ్యమునకును నడుమ ఇరుకుకొని యుండిన చిన్న రాజ్యమునకు ఎడెస్సా రాజధాని. అచటి భాష సిరియక్కు. ఏసుక్రీస్తు మాటలాడిన అరమాయికు భాషకు అది ఒక రూపభేదము. మన కేరళ దేశపు ప్రాచీన క్రైస్తవులు శతాబ్దముల తరబడి ఆరాధన జరుపుకొన్నది ఈ సిరియక్కులోనే. 177 నుండి 212 వరకు ఏలిన అబ్గరు రాజు కొలువులో బర్దైసాను గౌరవముగ నుండెను. కవి, గాయకుడు, ఖగోళము నెరిగినవాడు, విలుకాడు. జూలియస్ ఆఫ్రికానస్ అను చరిత్రకారుడు ఆ కొలువునకు పోయినప్పుడు కన్నులార చూచి వ్రాసిన వింత యొకటి కలదు. ఒక యువకుని ఎదురుగా నిలువబెట్టి, డాలుమీద బాణములు నాటుచు వాని ముఖరేఖలను బర్దైసాను చిత్రించెనట!

ఆ ఏరు 201వ సంవత్సరమున పొంగి నగరమును ముంచినది. రెండువేలకు పైగా జనులు మరణించిరని ఎడెస్సా వృత్తాంత గ్రంథము చెప్పుచున్నది. రాజు నగరవాసులకును పల్లెవారికిని ఐదేండ్ల పన్ను మినహాయించెను. ఈ సంగతి నా విషయమునకు చెందదు గాని, పన్నుల లెక్క వ్రాసిన చేయి ఇట్టి వాక్యము కనబడినచోట ఆగక మానదు.

బర్దైసాను సంభాషణను అతని శిష్యుడు ఫిలిప్పు గ్రంథస్థము చేసెను. 'దేశధర్మముల గ్రంథము' అని దానికి పేరు. ఆరంభము మన పురాణగోష్ఠుల వలెనే యుండును. షెమష్గ్రాం అను స్నేహితుని ఇంటికి కొందరు పోయియుందురు. బర్దైసాను వచ్చి, ఆ స్నేహితుని చేయి తాకి చూచి, ఆరోగ్యముగనే యున్నాడని తెలిసికొని, మీరేమి ముచ్చటించుచున్నారని యడుగును. అవీద అను యువకుని ప్రశ్నతో కథ నడుచును. దేవుడొక్కడే యైనచో, మనుజుని సృజించినవాడును అతడే యైనచో, పాపము చేయలేనట్లుగనే ఏల సృజింపలేదు? అట్లు చేసియుండిన ఆయన కోరినదియు నెరవేరెడిది, మనకును బాధ తప్పెడిది గదా అని అవీద సందేహము.

బర్దైసాను ఇచ్చిన జవాబు నేను సంగ్రహముగ చెప్పుదును. మనుజుడు చెడు చేయలేనట్లు పుట్టించబడి యుండినచో అతడు చేసిన మంచియు అతనిది కాదు. వీణను వాయించినప్పుడు మెప్పు వాయించినవానిది. రథము చక్కగ నడచినప్పుడు మెప్పు సారథిది. మనుజుని అట్టి పనిముట్టుగ చేయుటకు దేవునికి మనసొప్పలేదు. సూర్యుడు ఉదయింపనని అనజాలడు, చంద్రుడు క్షీణింపనని అనజాలడు, సముద్రము ఓడలను మోయనని అనజాలదు. మనుజుడు మాత్రము అననని అనగలడు. ఆ 'అనగలుగుట' యందే అతడు దేవదూతలకు సాటియగుచున్నాడు.

అప్పుడు అవీద మరల అడుగును: సరే, స్వేచ్ఛ ఇచ్చెననుకొందము, కాని ఆజ్ఞలు పాలింప శక్యము కానంత కష్టములు గదా? ఈ ఘట్టము నాకు మిక్కిలి ప్రీతిపాత్రము. బర్దైసాను ఇట్లు విడదీయును. బరువైన రాళ్ళను దుంగలను మోయుమని దేవుడాజ్ఞాపించలేదు. అది బలశాలికే సాధ్యము. కోటలు కట్టుమనలేదు, అది రాజులకే సాధ్యము. ఓడ నడపుమనలేదు, అది నావికులకే తెలియును. పొలమును కొలిచి పంచుమనలేదు; అది భూమి కొలుచువానికే తెలియును. ఆజ్ఞలు రెండే: కీడని తోచినది మానుట, మేలని తోచినది చేయుట. దొంగిలింపకుండుటకు బలము కావలెనా? అబద్ధమాడకుండుటకు ధనము కావలెనా? పడకనుండి లేవలేని రోగియు పగను మానగలడు, పాత్ర పట్టిన బిచ్చగాడును సత్యము పలుకగలడు. పదునెనిమిదివందల ఏండ్ల క్రిందట పొలము కొలుచువానిని తలచుకొన్న తత్త్వవేత్త యొకడుండెనని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషమును పాఠకులు మన్నింతురు గాక. గొలుసు పట్టి గట్టు తేల్చుట విద్య. తేల్చిన గట్టును రాత్రివేళ జరుపకుండుటకు ఏ విద్యయు నక్కరలేదు.

ఇట్లనుటచే బర్దైసాను గ్రహబలమును బొత్తిగా కొట్టివేసెనని తలపరాదు. ఆ శాస్త్రమును తానొకప్పుడు ప్రేమించినవాడనని అతడే చెప్పుకొనెను. అంతయు గ్రహములదే యను కల్దీయులును, విధి యను మాటయే వట్టిదను మరికొందరును, ఇరువురును సగము సత్యమునే పట్టుకొనిరని అతని తీర్పు. మనుజజీవితమున ప్రకృతి, విధి, స్వేచ్ఛ అను మూడును కలసియున్నవి. పుట్టుట, పెరుగుట, తినుట, ముసలియగుట, చచ్చుట ప్రకృతి. ఇందు మనకును పశువులకును భేదము లేదు. సింహము మాంసము తినును, గొర్రె గడ్డి తినును. దేనికిని నింద లేదు. కలిమి, లేమి, రోగము, అధికారము ఇత్యాదులు మనము కోరినట్లు రావు, పోవు, ఇవి విధి. తెలిసి చేయు మంచి చెడ్డలు స్వేచ్ఛ. తీర్పు దీనికొక్కదానికే. మన పెద్దలు దైవము, పురుషకారము అని రెండుగా చేసినదానిని ఇతడు మూడుగా చేసినాడు. ప్రకృతిని విధి నుండి వేరుచేసి చూపుట మెచ్చదగిన పని యని నాకు తోచినది. ముసలితనమును గ్రహదోషమని శాంతులు చేయించువారు నేటికిని కలరు.

దీనికి ప్రమాణమేమని శిష్యులడుగగా అతడు భూగోళమంతయు తిప్పి చూపును. తూర్పున చీనావారిలో హత్య లేదు, విగ్రహారాధన లేదు. అచట పుట్టిన ప్రతి శిశువు జాతకమునను కుజుడు శుభస్థానమందే యుండెనా? పారసీకులు తోబుట్టువులను సైతము పెండ్లాడుదురు. ఆ జాతివారు ఈజిప్టునకు పోయినను, ఫ్రీజియాకు పోయినను, ఆకాశము మారినను ఆచారము మారలేదు. గేలీ జాతియందు స్త్రీలే దున్నుదురు, కోయుదురు, ఇండ్లు కట్టుదురు. రంగు చీరలు కట్టరు, పరిమళములు పూసికొనరు. కుషానుల దేశమున స్త్రీలు బంగారము దాల్చి గుఱ్ఱమెక్కి తిరుగుదురు. బ్రిటనులో పలువురు పురుషులకు ఒక భార్య, పార్థియాలో ఒక పురుషునకు పలువురు భార్యలు. విన్నవన్నియు నిజములని మనము నమ్మనక్కరలేదు. ఆ కాలమున వర్తకులు మోసికొనివచ్చిన వార్తలవి. చీనాలో హత్యలే లేవనుట ఎంతటి మాటయో చెప్పనక్కరలేదు. కాని వాదపు గట్టితనము వార్తల వివరముమీద ఆధారపడి లేదు. ఒకే ఘడియలో వేరువేరు దేశములందు పుట్టినవారు వేరువేరుగ నడచుచున్నారు. ఒకే దేశమున వేరువేరు ఘడియలందు పుట్టినవారు ఒకే విధముగ నడచుచున్నారు. ఈ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టిన చాలును.

ఆ పట్టికలో మన దేశమునకు పెద్దపీట కలదు. భరతఖండమున వేలకొలది, పదివేలకొలది బ్రాహ్మణులు గలరనియు, వారికి హింస, మద్యము, మాంసము నిషిద్ధములనియు, అదే దేశమున అవే నక్షత్రముల క్రింద పుట్టిన ఇతరులు అవన్నియు చేయుచున్నారనియు బర్దైసాను చెప్పును. జ్యోతిష్కులు దీనికొక తప్పుదారి కనిపెట్టియుండిరి. భూమి ఏడు మండలములుగ విభజింపబడినదనియు, ఒక్కొక్క మండలమును ఒక్కొక్క గ్రహమేలుననియు, అందుచేతనే దేశాచారములు వేరనియు వారందురు. ఆ దారిని మూయుటకు మన దేశమే బర్దైసానునకు అక్కరకు వచ్చినది. ఒక్క మండలములోనే రెండు ధర్మములున్నవి గదా! అటుపై యూదులను చూపెను. వారెన్ని దేశములకు చెదరిపోయినను ఎనిమిదవనాట సున్నతి చేయుదురు, ఏడవనాట పని మానుదురు. పిమ్మట తన మతస్థులను చూపెను. పారసీకమున నున్న క్రైస్తవుడు కూతును పెండ్లాడడు, పార్థియాలో నున్న క్రైస్తవుడు ఇద్దరిని పెండ్లాడడు.

ఇచట నాకొక సందేహము కలిగినది, చాలకాలము వదలలేదు. గ్రహములు మనుజుని కట్టలేదని బర్దైసాను రుజువు చేసినాడు, సరియే. కాని అదే నోట దేశధర్మము కట్టినదని రుజువు చేయుచున్నాడు గదా! పారసీకుడు ఎచటికి పోయినను తన ఆచారమునే పాటించినచో, వాడు గ్రహముల చెరనుండి విడివడి ఆచారము చెరలో పడినట్లే. ఇందు స్వేచ్ఛ యెక్కడ?

జవాబు గ్రంథములోనే ఉన్నది, కాని ఒక మూలను ఉన్నది. ధర్మములు మారుచున్నవని అతడు రెండు ఉదాహరణములిచ్చెను. రోమనులు అరేబియాను జయించి అచటి పాత శాసనములను రద్దుచేసిరి. ఎడెస్సాలో తరాత అను దేవతకు మ్రొక్కుకొని పురుషులు తమ్ముతాము నపుంసకులుగ చేసికొను ఆచారముండెను. అబ్గరు రాజు ఆ పని చేసినవాని చేయి నరకవలసినదని శాసించెను. ఆనాటితో ఆచారము నశించెను. అబ్గరు క్రైస్తవుడైన పిమ్మట ఇట్లు చేసెనని సిరియక్కు ప్రతిలో నున్నది; యూసేబియస్ ఉదాహరించిన గ్రీకు పాఠమున ఆ మాట లేదు. రాజు మతమెట్లున్నను శాసనము వ్రాసినది మనుజుడు, దానిని మార్చినది మనుజుడు. గ్రహములు ఆనాడును అదే గతిన తిరుగుచునే యున్నవి. ఆచారము మనుజుని కట్టుట నిజమే. ఆ కట్టు మనుజుడు వేసినదే గనుక మనుజుడు విప్పగలడని అతని భావముగ నేను గ్రహించితిని.

ఇదే గ్రంథమున మన దేశపు సహగమనమును గూర్చియు ఒక వాక్యము గలదు. భారతీయులు మృతులను దహింతురనియు, పెక్కుమంది భార్యలు సజీవులుగ వారితో దహింపబడుదురనియు వ్రాయబడినది. ఆ స్త్రీలందరి జాతకములందును ఆ దినమున చావే వ్రాసియుండెనా అని అతని ప్రశ్న. వంగదేశమున 1829లోను, మన చెన్నరాజధానిలో 1830లోను ఆ ఆచారము శాసనముచే నిషేధింపబడినది. వైధవ్యయోగమని పేరుపెట్టి పసిబిడ్డలను మూలకూర్చోబెట్టిన కాలమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881లో రాజమహేంద్రవరమున వితంతువివాహము జరిపించిరి. బర్దైసాను పేరు పంతులుగారు వినియుండనక్కరలేదు. వాదమొక్కటే.

మన దేశమును గూర్చి బర్దైసానునకు మరియొక దారిలో తెలిసిన సంగతులున్నవి. 218 నుండి 222 వరకు రోమునేలిన ఎలగాబలుస్ కాలమున ఇచటినుండి రాయబారులు కొందరు చక్రవర్తి కడకు పోవుచుండగా అతడు వారితో మాటలాడి వినినది వ్రాసెను. ఆ పుస్తకము పోయినది. పోర్ఫిరీ అను తత్త్వవేత్త ఉద్ధరించిన భాగములు మిగిలినవి. ఒక గుహలో పది పండ్రెండు మూరల ఎత్తుగల విగ్రహము గలదనియు, దాని కుడిసగము పురుషుడు, ఎడమసగము స్త్రీ యనియు, ఒక దేహమున రెండు రూపములు చీలిక లేక కలసియుండుట చూచి జనులు విస్మయమందుదురనియు అందున్నది. మన అర్ధనారీశ్వరుని గాక మరి యెవరిని?

పరీక్షా సరస్సొకటి గలదనియు ఆ రాయబారులు చెప్పిరి. నేరము మోపబడినవాడు ఒప్పుకొననిచో, నీటి పరీక్షకు సిద్ధమా అని బ్రాహ్మణులడుగుదురు. సిద్ధమన్నచో వానినొక్కనినే గాదు, నేరము మోపినవారిని సైతము నీట దించుదురు. అబద్ధపు ఫిర్యాదునకు అది మందు. నీరు ఎవరికైనను మోకాటిలోతే. నిర్దోషి ఆవలి గట్టునకు నడచిపోవును. దోషి కొంతదూరము పోవునప్పటికి తల మునుగును. వానిని పైకి లాగి, ప్రాణము తీయక సరిదిద్దుడని అప్పగింతురు. యాజ్ఞవల్క్య స్మృతిలో తుల, అగ్ని, జలము, విషము, కోశము అని దివ్యములు చెప్పబడినవి. కాని అందలి జలదివ్యము వేరు, బాణము తెచ్చువరకు నీటమునిగి యుండుట. కనుక రాయబారుల మాట అచ్చముగ స్మృతివాక్యము కాదు, విన్నవారి ఊహయు కొంత చేరియుండును. నాకు ముఖ్యముగ తోచినది ఒకటే. ఆ సరస్సు తెలిసి చేసిన నేరములకు మాత్రమనియు, తెలియక చేసినవానికిని కలిపి మరియొక పరీక్ష గలదనియు వారు చెప్పగా బర్దైసాను ఆ భేదమును శ్రద్ధగా వ్రాసికొనెను. జీవితమంతయు దానినే విచారించినవాడు గదా.

బర్దైసాను 222లో మరణించెను. తరువాతి తరములవారు అతనిని పాషండుడనిరి. సృష్టిని గూర్చి అతడు చెప్పిన మాటలు సభామతమునకు సరిపడలేదు. నాల్గవ శతాబ్దమున ఎఫ్రయీము అను మహాకవి అతనిని ఖండించుచు పాటలు కట్టెను. తిట్టినవాడే అతడు నూటయేబది కీర్తనలు రచించెనని సాక్ష్యము చెప్పినాడు. ఆ కీర్తనలు పోయినవి. దేశధర్మముల గ్రంథమునకు సిరియక్కులో మిగిలినది ఒక్క ప్రతియే. ఈజిప్టు ఎడారిలోని మఠపు గ్రంథాలయమున శతాబ్దములు పడియుండి, లండను చేరి, 1855లో క్యూర్టన్ అను పండితునిచే అచ్చుపడినది.

ఆచారపు చెరను గూర్చి నేనెత్తిన సందేహమును లోతుగ త్రవ్వినవాడు అగస్టీను. ఉత్తరాఫ్రికాలో 354లో పుట్టి, హిప్పో పట్టణమున బిషప్పుగా 430లో మరణించెను. యౌవనమున తొమ్మిదేండ్లు మాని మతమున నుండెను; మనలోని చెడు మనది కాదు, వేరొక తత్త్వము మనలో దూరి చేయుచున్నదని ఆ మతము బోధించెడిది. జాతకములు చూపించుకొనుటయు అతనికి అలవాటే. ఆ నమ్మకమును తొలగించినది ఫిర్మీనుస్ అను మిత్రుడు చెప్పిన కథ. ఫిర్మీనుస్ తండ్రియు, తండ్రి స్నేహితుడును జ్యోతిషపు పిచ్చిలో పడి, ఇంట పుట్టు పశువుల జన్మకాలములను సైతము గుర్తించెడివారట. ఫిర్మీనుస్ తల్లి గర్భవతిగ నున్నప్పుడే ఆ స్నేహితుని ఇంట దాసి యొకతె గర్భవతియై యుండెను. ఇరువురును ఒకే క్షణమున ప్రసవించిరి. వార్తాహరులు సరిగ నడిదారిలో కలిసికొనిరి. ఇద్దరి జాతకములందును అక్షరము భేదము లేదు. ఫిర్మీనుస్ సంపదలోను గౌరవములోను పెరిగెను. ఆ దాసీపుత్రుడు దాసుడుగనే ఉండిపోయెను.

'స్వేచ్ఛను గూర్చి' యను గ్రంథమును అగస్టీను రోములో ఆరంభించి ఆఫ్రికాలో ముగించెను. దేవునికి ముందే తెలిసియుండగా మనకు స్వేచ్ఛ యెక్కడిదను ప్రశ్నకు అందిచ్చిన జవాబు చక్కనిది. జ్ఞాపకముంచుకొనుటచే గడచినది జరిగిపోవుట లేదు. అట్లే ముందు తెలిసికొనుటచే రానున్నది బలవంతముగ జరుగుట లేదు. నా భాషలో చెప్పవలెనన్న, చిట్టాలో పడినందున ఖర్చు జరుగలేదు. జరిగినందున చిట్టాలో పడినది. శాసనమును గూర్చియు అందొక మంచి విచారము గలదు. మనుజుల శాసనము లాగికొనగలవానినే లాగికొనును: ధనము, పౌరత్వము, దేహస్వాతంత్ర్యము. లోనున్న సంకల్పమును అది తాకజాలదు.

కాని వయస్సు ముదిరినకొలది అగస్టీను మాట మారినది. సంకల్పము వంకరపోయినచో కోరిక పుట్టును, కోరికను కొలిచినచో అలవాటగును, అలవాటు నెదిరింపనిచో అగత్యమగును అని అతడు తన అనుభవమును చెప్పుకొనెను. కల్లుపాక నెరిగిన మనకు దీనికి వ్యాఖ్యానమక్కరలేదు. సంకెల మనము పోసికొన్నదే. పోసికొన్న పిదప మనకు ఊడదీయరాదు, దైవానుగ్రహమే ఊడదీయవలెనని అతని నిర్ణయము. బ్రిటను దేశపు సన్యాసి పెలాగియస్ దీనిని ఒప్పుకొనలేదు. చేయలేనిదానిని దేవుడాజ్ఞాపించడని అతని పట్టు. బర్దైసాను మాటకు ఇది దగ్గరి చుట్టము. 418లో కార్తేజి సభ పెలాగియస్ మతమును ఖండించినది. అదే సంవత్సరము హొనోరియస్ చక్రవర్తి అతనిని రోము నుండి వెడలగొట్టవలసినదని శాసించెను. మానవస్వేచ్ఛను గూర్చిన వాదమును చక్రవర్తి ఉత్తరువుతో తేల్చుట నాకు వింతగా తోచును. అలవాటును గూర్చి అగస్టీను చెప్పినది సత్యమని నేను తలతును. కాని బాప్తిస్మము లేక మరణించిన పసికందులను సైతము దోషులలో చేర్చినప్పుడు అతని తర్కమును వెంబడించుటకు నాకు మనసురాదు. ఏమియు ఎంచుకొనని ప్రాణికి బాధ్యత యెక్కడిది?

ఫిర్మీనుస్ కథయందు అగస్టీను వదలివేసిన మాట యొకటి గలదు. ఆ ఇద్దరు శిశువులను వేరుచేసినది నక్షత్రములు కావు, సరి. మరి ఏది వేరుచేసినది? దాసి కన్న బిడ్డ దాసుడని చెప్పిన రోమను శాసనము. అగస్టీను గ్రహములకు తప్పుపట్టి ఊరకుండెను, ఆ కథలో శాసనమునకు తప్పుపట్టలేదు.

ఆ తప్పు పట్టినవాడు అతనికంటె కొంచెము ముందు, ఇప్పటి టర్కీ దేశమున బిషప్పుగా నుండిన నిస్సా గ్రెగొరీ. ప్రసంగి యను బైబిలు భాగమునకు 380 ప్రాంతమున అతడు చేసిన వ్యాఖ్యానోపన్యాసములలో నాల్గవది దాస్యమును గూర్చినది. ప్రసంగి దాసులను దాసీలను కొంటినని చెప్పుకొన్నచోట గ్రెగొరీ ఆగి నిలదీయును. స్వభావముచేతనే స్వతంత్రుడుగ, తన్ను తానేలుకొనువాడుగ దేవుడు సృజించినవానిని నీవు దాస్యమునకు పాలుచేసితివా? దేవుని ధర్మమునకు ఎదురు శాసనము వ్రాసితివా? ఎన్ని నాణెములకు కొంటివి? కాగితపు ముక్కయు, వ్రాసిన ఒప్పందమును, లెక్కించిన కాసులును చూచి మోసపోయితివా? యజమానికిని దాసునికిని సుఖదుఃఖములు ఒకటి కావా, చచ్చినప్పుడు ధూళి ఒకటి కాదా? ఇట్లు సాగును ఆ ప్రసంగము. ఇతరులు దాసులను దయతో చూడుడనిరి. కొని అమ్ముటయే తప్పని ఇంత గట్టిగా పలికినవాడు ఆ ప్రాచీనులలో నాకు మరియొకడు కనబడలేదు. స్వేచ్ఛ యను మాటను తీర్పుదినమునకు మాత్రమే దాచిపెట్టక సంతలోనికి తెచ్చి, క్రయపత్రము మీద పెట్టి చూచినవాడు ఇతడు.

అతని కాలపు చక్రవర్తులెవ్వరును ఆ మాట చెవినబెట్టలేదు. దాసుల క్రయపత్రములు పిమ్మట అనేక శతాబ్దములు వ్రాయబడినవి. మన దేశమున 1843 నాటి ఐదవ చట్టము దాస్యమును నేరమనలేదు. మనుజుని మీద మనుజునకు ఆస్తిహక్కు గలదను దావాను ఏ న్యాయస్థానమును విచారింపరాదని మాత్రము చెప్పినది. అనగా ఆ కాగితము చెల్లదన్నమాట. మనుజుని దాసునిగ కొనుట, అమ్ముట శిక్షార్హమైన నేరమని వ్రాసినది 1860 నాటి శిక్షాస్మృతి. అది 1862 నుండి అమలులోనికి వచ్చినది.